పాత ఇంజనుకు శ్రుతి కుదిర్చేదెలా?

వీణ తీగలు సడలితే ఏం చేస్తాం? కొత్త వీణ కొనం. బిరడలు తిప్పి శ్రుతి చేస్తాం. మోటారు కారు ఇంజనుకు కూడా ఇలాగే శ్రుతి చేయవచ్చు. మెకానిక్కులు దీన్ని 'ట్యూనింగు' అంటారు. నలభై, యాభై ఏళ్ల నాటి కార్లను ఇంటి దగ్గరే విప్పి, బాగుచేసి, మళ్లీ రోడ్డెక్కించడం ఐరోపాలోను, అమెరికాలోను ఎందరికో సెలవు రోజుల వ్యాపకం. అందులో పనిచేసే సూత్రాలన్నీ మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే.

ఒక్క కారును ఉదాహరణగా తీసుకుందాం. దాని పేరు బి.ఎం.డబ్ల్యు. 2002. జర్మనీలోని మ్యూనిక్ నగరపు కంపెనీ దీన్ని 1968లో విడుదల చేసింది. పేరులోని 2002 సంవత్సరం కాదు. రెండు లీటర్ల ఇంజను, రెండు తలుపులు అని చెప్పే గుర్తు. ఇది పుట్టిన తీరు తమాషాగా ఉంటుంది. 1966లో ఆ కంపెనీ 1573 సి.సి. ఇంజనుతో ఒక చిన్న కారు తెచ్చింది. దాని బలం 85 అశ్వసామర్థ్యం. కంపెనీలో ఇంజన్ల రూపకర్త అలెక్స్ ఫాన్ ఫాల్కెన్‌హౌజెన్ తన సొంత కారులో దాన్ని తీసేసి రెండు లీటర్ల ఇంజను పెట్టించుకున్నాడు. అదే కంపెనీ అధికారి హెల్మట్ వెర్నర్ బాన్ష్ కూడా, ఆయన సంగతి తెలియకుండానే, తన కారుకు అదే పని చేయించాడు! గుట్టు బయటపడ్డాక ఇద్దరూ కలిసి ఇలాంటి కారు తయారు చేద్దామని యాజమాన్యానికి చెప్పారు. కుటుంబమంతా కూర్చునే చిన్న కారు, దానికి 100 అశ్వసామర్థ్యపు గుండె. ఇటువంటి వాటినే స్పోర్ట్స్ సెడాన్లు అంటారు.

ఇంజను పరిమాణం నిజంగా రెండు లీటర్లేనా? మీరే లెక్క వేయండి. సిలిండరు వ్యాసం 89 మి.మీ., పిస్టన్ కదిలే దూరం 80 మి.మీ., సిలిండర్లు నాలుగు. స్థూపం ఘనపరిమాణం సూత్రం మీకు తెలుసు. ఒక్కో సిలిండరుకు 497.7 ఘన సెంటీమీటర్లు, నాలుగింటికి సుమారు 1990 వస్తుంది.

సరే, యాభై ఏళ్లు గడిచేసరికి ఆ 100 అశ్వాల్లో కొన్ని ఎక్కడికో పారిపోతాయి. వాటిని పట్టి తేవడమే మన పని. కానీ తొందరపడి ఇంజను మూత తెరవకూడదు. ముందు కారు కిందికి చూడాలి.

ఈ కారుకు లారీకి ఉన్నట్టు వేరే ఉక్కు చట్రం లేదు. వంచి అతికిన ఉక్కు రేకులే దాని ఎముకలు. అందుచేత తుప్పు ఇక్కడ అందానికి సంబంధించిన విషయం కాదు. ఇనుముకు నీరు, ఆక్సిజన్ రెండూ తగిలితే తుప్పు పడుతుంది. మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే దేశాల్లో ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది కనుక ఈ చర్య ఇంకా వేగంగా జరుగుతుంది. తలుపుల కింది అంచులు, ముందు చక్రాల స్ప్రింగులు ఆనుకునే గూళ్లు, అదనపు చక్రం పెట్టే గుంట - ఇవి మొదట తినేసే చోట్లు. సుత్తితో మెల్లగా కొడితే మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది బొద్దుగా పలుకుతుంది. స్ప్రింగు గూడు తుప్పు పట్టిన కారుకు రంగు వేయించేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. అది పుప్పిపన్నుకు సున్నం పూయడం వంటిది.

తర్వాత బ్రేకులు. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. కొండదారిలో బ్రేకులు వేడెక్కి ద్రవం మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. పెడల్ నేలకు ఆనుతుంది, కారు ఆగదు! అందుకే ఇంజను బలం పెంచే ముందు పాత ద్రవం, రబ్బరు సీళ్లు అన్నీ మార్చాలి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్మును నోటితో గాని, గాలిపంపుతో గాని ఊదరాదు. తడిగుడ్డతో తుడవాలి. అలాగే జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి ఎవరూ దూరకూడదు, గట్టి ఉక్కు స్టాండ్ల మీద దించాకనే దూరాలి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు మన రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దానికి వాసన ఉండదు కనుక మనిషికి హెచ్చరిక అందదు. ఈ పనులు పెద్దలవి. మీరు పక్కన నిలబడి లెక్కలు చెప్పండి.

ఇక ఇంజను దగ్గరకు వద్దాం. బండి లాగకపోతే దొంగ కార్బురేటరులోనే ఉన్నాడని చాలామంది దాన్నే విప్పుతారు. నిజానికి దాన్ని ముట్టుకోవలసింది అన్నిటికన్నా చివర. ఎందుకో చూడండి.

మొదటి ప్రశ్న: సిలిండరులో గాలి నిలుస్తోందా? స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆ రంధ్రంలో పీడనమాపకం బిగించి, స్టార్టరుతో ఇంజను తిప్పుతారు. నాలుగు సిలిండర్లూ దాదాపు ఒకే పీడనం చూపాలి. ఒకటి బాగా తక్కువ చూపితే గాలి ఎక్కడో పారిపోతోంది. పిస్టన్ రింగుల పక్కనుంచా, కవాటాల దగ్గరనుంచా? ఇంజను విప్పకుండానే తేల్చే ఉపాయం ఒకటుంది. ఆ సిలిండరులో ఒక చెంచా ఇంజను ఆయిలు పోసి మళ్లీ కొలుస్తారు. నూనె రింగుల సందులను కాసేపు మూస్తుంది. పీడనం పెరిగితే తప్పు రింగులది. పెరగకపోతే కవాటాలను అనుమానించాలి. చెంచాడు నూనెతో ఇంత చక్కని ప్రయోగం నాకు ఇంకొకటి తెలియదు.

రెండోది కవాటాల సందు. వాడుకలో దీన్ని ట్యాపెట్లు సరిచేయడం అంటారు. కవాటం కాడకు, దాన్ని నొక్కే రాకరుకు మధ్య ఇంజను చల్లగా ఉన్నప్పుడు 0.15 నుంచి 0.20 మి.మీ. సందు ఉండాలి. లోహం వేడికి వ్యాకోచిస్తుంది కదా! సందు లేకపోతే కవాటం పూర్తిగా మూసుకోదు, మంట దాని అంచును కాల్చేస్తుంది. సందు ఎక్కువైతే టిక్కుటిక్కుమంటుంది, కవాటం ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఈ ఇంజనులో రాకరు కొసన ఇరుసు నడిమధ్యలో లేని చిన్న బిళ్ల ఉంటుంది. దాని రంధ్రంలో వంచిన తీగ దూర్చి తిప్పితే సందు మారుతుంది. కొలవడానికి ఫీలర్ గేజి అనే పలుచని ఉక్కు రేకుల కట్ట చాలు.

మూడోది, అన్నిటికన్నా రసవత్తరమైనది, నిప్పురవ్వ. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ప్లగ్గు దగ్గర రవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఇగ్నిషన్ కాయిల్‌లో తక్కువ చుట్ల ప్రాథమిక తీగచుట్ట, వేల చుట్ల గౌణ తీగచుట్ట ఉంటాయి. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు కలిసి ఉన్నంతసేపు ప్రాథమిక చుట్టలో విద్యుత్తు పారి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. పాయింట్లు విడిపోగానే క్షేత్రం కుప్పకూలుతుంది, గౌణ చుట్టలో అధిక వోల్టేజి పుడుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. మన అంబాసిడర్లలోను, ప్రీమియర్ పద్మినిల్లోను చాలాకాలం ఇటువంటి పాయింట్లే ఉండేవి. వర్షాకాలం ఉదయాన బండి కదలకపోతే డ్రైవర్లు ఎందుకు డిస్ట్రిబ్యూటరు మూత తీసి తుడిచేవారో మీ తాతయ్యగారిని అడగండి.

పాయింట్ల మధ్య సందు సరిచేశాకనే రవ్వ వేళను, అంటే టైమింగును, సరిచేయాలి. సందు పెంచితే పాయింట్లు ముందుగా విడిపోతాయి, రవ్వ కూడా ముందుకు జరుగుతుంది. టైమింగు ముందు చూసి తర్వాత సందు ముట్టుకుంటే చేసిన పని వృథా.

ఇంతకీ రవ్వ ఎప్పుడు పుట్టాలి? పిస్టన్ పైకొసకు చేరినప్పుడు అని చాలామంది చెబుతారు. అది ఆలస్యం! పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం బాంబులా ఒక్కసారిగా పేలదు. ఎండుగడ్డికి అంటిన మంటలా రవ్వ దగ్గర మొదలై పాకుతుంది. అందుకు 2 మిల్లీసెకండ్లు పడుతుందనుకుందాం. ఇంజను నిమిషానికి 1000 సార్లు తిరిగితే సెకండుకు 6000 డిగ్రీలు. 2 మిల్లీసెకండ్లలో 12 డిగ్రీలు. 3000 సార్లు తిరిగితే అదే సమయంలో 36 డిగ్రీలు తిరిగిపోతుంది. కాబట్టి వేగం పెరిగేకొద్దీ రవ్వ ముందుగా పుట్టాలి. ఈ లెక్క డిస్ట్రిబ్యూటరుకు ఎలా తెలుస్తుంది? దాని లోపల స్ప్రింగులు కట్టిన రెండు చిన్న బరువులు ఉంటాయి. వేగంగా తిరిగినప్పుడు అవి బయటికి విచ్చుకొని పాయింట్లను తెరిచే కామ్‌ను కాస్త ముందుకు తిప్పుతాయి. వేగం ఇంకా పెరిగితే సిలిండరులోని సుడులు మంటను తొందరగా పాకిస్తాయి కనుక ఒక హద్దు తర్వాత బరువులు విచ్చుకోనక్కర లేదు. ఏళ్ల తరబడి వాడిన డిస్ట్రిబ్యూటరులో ఈ బరువులు జిడ్డుకు అంటుకుపోతాయి. పారిపోయిన అశ్వాల్లో కొన్ని ఇక్కడే దొరుకుతాయి.

తిరిగే ఇంజనులో ఆ కోణాన్ని చూడటం ఎలా? ఈ కారు ఫ్లైవీలు అంచులో చిన్న ఉక్కు గుండు పొదిగి ఉంటుంది. మొదటి ప్లగ్గు తీగకు తగిలించిన దీపం రవ్వ పుట్టిన ప్రతిసారీ తళుక్కుమంటుంది. ఆ వెలుగులో గుండు కదలకుండా నిలిచినట్టు కనిపిస్తుంది. డిస్ట్రిబ్యూటరును కొద్దికొద్దిగా తిప్పుతూ, మాన్యువల్ చెప్పిన వేగంలో గుండు గుర్తుకు ఎదురుగా వచ్చేలా చేసి బిగిస్తారు. బలం వస్తుందని రవ్వను ఇంకా ముందుకు జరిపితే? పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పీడనం పెరిగిపోతుంది, మంట చేరని మిశ్రమం తనంతట తానే అంటుకుంటుంది. టకటకమని చప్పుడు వస్తుంది. దీన్ని నాకింగు అంటారు. ఎక్కువసేపు సాగితే పిస్టన్ తలకు చిల్లు పడుతుంది.

ఇప్పుడు కార్బురేటరు వంతు. ఇరుకైన గొంతులో గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది, ఆ తక్కువ పీడనం పెట్రోలును సన్నని జెట్టు ద్వారా పైకి లాగుతుంది. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఘనపరిమాణంలో చూస్తే లీటరు పెట్రోలుకు దాదాపు 9000 లీటర్ల గాలి! ఏళ్ల తరబడి నిలవున్న పెట్రోలు జెట్లలో బంకలా పేరుకుంటుంది, వాటిని కడగాలి. ఇథనాల్ కలిపిన నేటి పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు తట్టుకోలేవు, అవీ మార్చాలి. ఆ తర్వాత మిశ్రమం మరను మెల్లగా తిప్పుతూ ఇంజను నిలకడగా తిరిగే చోట ఆపుతారు. పరీక్ష తేలికే. కొన్ని కిలోమీటర్లు నడిపి ప్లగ్గు తీసి చూడండి. లేత గోధుమరంగు మంచిది. నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా కాలి ఉంటే తక్కువ.

రెండు కార్బురేటర్లు బిగించి ఇదే కారును 120 అశ్వసామర్థ్యానికి, ఇంధనాన్ని పంపుతో చిమ్మించి 130కి కంపెనీయే పెంచింది. హోరెత్తే సైలెన్సరు తగిలించి కారు వేగం పెరిగిందని మురిసేవాళ్లూ ఉన్నారు. అక్కడ పెరిగేది చప్పుడే.

మీకొక లెక్క. నాలుగు సిలిండర్ల ఇంజను రెండు చుట్లకు నాలుగు రవ్వలు కావాలి. డిస్ట్రిబ్యూటరు ఇంజనులో సగం వేగంతో తిరుగుతుంది. ఒక్కో రవ్వకు దాని వాటా 90 డిగ్రీలు, అందులో పాయింట్లు 62 డిగ్రీలు కలిసి ఉంటాయి. ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరిగితే కాయిల్ నిండడానికి దొరికే సమయం ఎంత? 6000 సార్లు తిరిగితే ఎంత? రెండు జవాబులనూ పోల్చి చూస్తే, పందెం కార్లవాళ్లు పాయింట్లను వదిలి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు ఎందుకు మారారో కొంతవరకు తెలుస్తుంది.