రాజకీయపు వంత

వేదాద్రి కృష్ణాతీరంలోని నరసింహక్షేత్రం. అది జగ్గయ్యపేట, నందిగామల మెట్టసీమలోనిది. నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్న ఈ సీమకు 1948 వరకు నిజాం రాజ్యం సరిహద్దుగా ఉండేది. ఆ రాజ్యంలోని రైతుల పోరాటాన్ని సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో ‘మా భూమి’ నాటకంగా రచించారు. ప్రజానాట్యమండలి దానిని ఆంధ్రదేశంలో ఊరూరా ప్రదర్శించింది. మద్రాసు ప్రభుత్వం 1948లో ఆ నాటకాన్ని నిషేధించింది.

ప్రజానాట్యమండలి చేపట్టిన మరొక కళారూపం బుర్రకథ. అందులో తంబుర ధరించిన కథకుడు నడుమ నిలుస్తాడు. గుమ్మెటలు వాయించే వంతలు ఇరువైపులా ఉంటారు. ఒకరు హాస్యపు వంత, రెండవవారు రాజకీయపు వంత. కథ పల్నాటిదైనా, బొబ్బిలిదైనా, నడుమ వర్తమాన విషయాలను ఎత్తి విమర్శించడం రాజకీయపు వంత ధర్మం. కనుక ఈ కళకు విమర్శ వెలుపలి నుండి అంటినది కాదు. వేదికపై దానికొక స్థానమే ఉన్నది.

స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వమే కళాపోషకురాలయింది. కుటుంబ నియంత్రణ వంటి పథకాల ప్రచారానికి బుర్రకథను వినియోగించింది. ప్రజానాట్యమండలిలో పేరొందిన షేక్ నాజర్‌ను 1986లో పద్మశ్రీతో సత్కరించింది.

అయితే, ప్రభుత్వధనం పొందిన కళాకారుడు ప్రభుత్వాన్ని విమర్శించవచ్చునా? పథకప్రచారానికి పిలిచినప్పుడు విషయాన్ని నిర్ణయించే అధికారం పిలిచినవారికి ఉంటుంది. ప్రజాధనం ఒక పక్షపు ప్రచారానికి వ్యయం కారాదన్న వాదమూ న్యాయమైనదే. కాని కళను పోషించడం వేరు. ఆ ధనం పాలకుల సొంతం కాదు. కథ వినే రైతు చెల్లించిన పన్ను కూడ అందులో ఉన్నది. రాజ్యాంగంలోని 19వ అధికరణం పరిమితులకు లోబడి భావప్రకటన స్వేచ్ఛను పౌరులందరికీ ఇచ్చింది. సాయం పొందినవాడు ఆ హక్కును కోల్పోడు.

1970లో విప్లవ రచయితల సంఘానికి అధ్యక్షుడైన శ్రీశ్రీకి 1972లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన అభిప్రాయాలు దానికి అడ్డు కాలేదు. మరొకవైపు, రాష్ట్ర ప్రభుత్వం 1983లో తన అకాడమీలను రద్దు చేసింది. పాలకుల నిర్ణయంపై నిలిచే పోషణ ఎంత అస్థిరమో ఇది తెలుపుతుంది.

రాజకీయపు వంత ఎల్లప్పుడూ ‘తానంటే తందాన’ అనేవాడే అయితే, వేదికపై ముగ్గురున్నా వినిపించే మాట ఒక్కటే అవుతుంది.

ప్రశ్నలు
1. బుర్రకథలో రాజకీయపు వంత స్థానాన్ని వివరించండి.
2. పథకప్రచారానికీ, కళాపోషణకూ గల భేదం ఏమిటి?