సిగ్నల్ దగ్గర ఆగిపోయే బండి: ఐడ్లింగ్ లోపాన్ని పట్టుకోవడం ఎలా?

మన ఐ.సి. ఇంజిన్స్ ల్యాబులో ఇంజిన్‌ని లోడ్ మీద నడిపి గ్రాఫులు గీస్తాం. బ్రేక్ పవర్, ఇంధన వినియోగం, ఎఫిషియెన్సీ అన్నీ లెక్క కడతాం. కానీ చిన్న కారు ఉన్నవాళ్ళని ఎక్కువగా సతాయించేది లోడ్ లేనప్పటి ఇంజినే. యాక్సిలరేటర్ మీద కాలు లేదు, గేరు న్యూట్రల్‌లో ఉంది, బండి లాగాల్సిన పని కూడా లేదు. సరిగ్గా అప్పుడే ఇంజిన్ వణుకుతుంది, లేదా ఊగుతుంది, లేదా ఠక్కున ఆగిపోతుంది. పనేమీ లేనప్పుడు దానికెందుకీ అవస్థ? ముందు ఆ సంగతి చూసి, తర్వాత లోపాన్ని వెతికే క్రమం చెప్తాను. మెకానికల్ వాళ్ళకే కాదు, ఇంట్లో పెట్రోలు కారున్న ఏ బ్రాంచి వాళ్ళకైనా ఇది పనికొస్తుంది.

ఒక చిన్న లెక్క

మూడు సిలిండర్లు, సుమారు 800 సీసీ ఉన్న ఇంజిన్ తీసుకుందాం. ఐడ్లింగ్‌లో అది నిమిషానికి 900 చుట్లు తిరుగుతోంది అనుకోండి. ఫోర్ స్ట్రోక్ కాబట్టి ప్రతి రెండు చుట్లకి ఒకసారి 800 సీసీ గాలి పీలుస్తుంది. అంటే నిమిషానికి 450 సార్లు, మొత్తం 360 లీటర్లు. కానీ థ్రాటిల్ మూసి ఉంది కాబట్టి మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి బయటి ఒత్తిడిలో మూడో వంతే ఉంటుంది. కాబట్టి బయటి నుంచి నిజంగా లోపలికి వచ్చే గాలి సుమారు 120 లీటర్లు.

అదే ఇంజిన్ 5000 చుట్ల దగ్గర, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంటే? 80 శాతం నిండుతుందనుకున్నా నిమిషానికి 1600 లీటర్లు.

ఇప్పుడు ఏదో రబ్బరు గొట్టం చిట్లి నిమిషానికి 12 లీటర్ల గాలి దొంగదారిన లోపలికి వెళ్తోంది అనుకోండి. ఐడ్లింగ్‌లో అది పది శాతం. పూర్తి వేగంలో ఒక్క శాతం కూడా కాదు. పైగా థ్రాటిల్ తెరిస్తే లోపలి ఒత్తిడి, బయటి ఒత్తిడి దాదాపు సమానమైపోతాయి కాబట్టి ఆ దొంగ గాలి కూడా తగ్గిపోతుంది. "హైవే మీద బ్రహ్మాండంగా వెళ్తోంది, సిగ్నల్ దగ్గరే ఆగిపోతోంది" అని బండివాళ్ళు చెప్పేదాంట్లో ఆశ్చర్యమేమీ లేదన్నమాట.

స్పార్క్ సంగతీ అంతే. 900 చుట్ల దగ్గర మూడు సిలిండర్లూ కలిపి సెకనుకి 22 సార్లకు కాస్త పైన మండుతాయి. అందులో ఒక సిలిండర్ ఎగ్గొడితే మూడో వంతు బలం పోయినట్టే. నాలుగు సిలిండర్ల ఇంజిన్ కంటే ఇది ఎక్కువగా వణుకుతుంది.

ఫిర్యాదు ఏ రకం?

మెకానిక్ షెడ్డులో వినిపించే మాటలు చాలా ఉన్నా, అసలు ఫిర్యాదులు మూడు రకాలే.

ఒకటి, చుట్లు ఎక్కువగా ఉండటం లేదా పైకీ కిందికీ ఊగడం. గాలి ఎక్కువైందని అర్థం. చాలా చిన్న కార్లలో కంప్యూటర్ మ్యానిఫోల్డ్ ఒత్తిడిని చూసి పెట్రోలు ఇస్తుంది. దొంగ గాలి వస్తే ఒత్తిడి పెరుగుతుంది, పెట్రోలూ పెరుగుతుంది, చుట్లూ పెరుగుతాయి. కాలు తీసేసి ఉన్నా వేగం ఎక్కువగా ఉందేమిటని కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది. చుట్లు పడిపోతాయి. మళ్ళీ ఇస్తుంది. ఆ ఊగుడు అలా పుడుతుంది. కూలెంట్ సెన్సార్ చెడిపోయి "ఇంజిన్ ఇంకా చల్లగానే ఉంది" అని అబద్ధం చెప్పినా చుట్లు ఎక్కువగానే ఉంటాయి.

రెండు, చుట్లు తక్కువై ఆగిపోవడం. థ్రాటిల్ అంచుల చుట్టూ, ఐడిల్ వాల్వ్‌లో నల్లటి మసి పేరుకుంటే గాలి దారి సన్నబడుతుంది. ఏసీ వేయగానే ఆగిపోతోందంటే ముందు ఇక్కడే చూడాలి. బ్యాటరీ వైరు తీసి పెట్టిన తర్వాత కొత్తగా మొదలైతే, కంప్యూటర్ నేర్చుకున్న విలువలు చెరిగిపోయి ఉండొచ్చు. మాన్యువల్‌లో చెప్పినట్టు మళ్ళీ నేర్పిస్తే సరిపోతుంది.

మూడు, చుట్లు దాదాపు సరిగ్గానే ఉన్నా ఒక లయ తప్పి వణకడం. మనవాళ్ళు "మిస్సింగ్" అనేది దీన్నే. ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్, కంప్రెషన్, ఈ వరసలో వెతకాలి.

డబ్బు ఖర్చు లేని పరీక్షలు

ముందు జాగ్రత్తలు. బండి ఆరుబయట ఉండాలి, మూసిన షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టాలి. చున్నీ, వదులు చేతులు, ఉంగరాలు ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరం.

గొట్టాలతో మొదలుపెట్టండి. మ్యానిఫోల్డ్ నుంచి వెళ్ళే ప్రతి రబ్బరు గొట్టాన్నీ వంచి పగుళ్ళు చూడండి. ఇంజిన్ నడుస్తుండగా, గుడ్డ చుట్టిన కటింగ్ ప్లేయరుతో ఒక్కో గొట్టాన్ని మెల్లగా నొక్కండి. ఏది నొక్కితే ఇంజిన్ కుదుటపడిందో లోపం ఆ దారిలో ఉంది. గ్యాస్కెట్ మీద అనుమానం ఉంటే స్ప్రే సీసాతో కాసిని నీళ్ళు, కాయిళ్ళ మీద పడకుండా, అంచు వెంబడి చల్లండి. చప్పుడు మారితే అక్కడే సందు ఉంది. కొందరు కార్బ్ క్లీనర్ కొడతారు. వేడి ఇంజిన్ మీద అది భగ్గుమంటుంది, మీరు ఆ పని చేయకండి.

మిస్సింగ్ అయితే ఇంజెక్టర్ కనెక్టర్లను ఒక్కొక్కటిగా తీసి, మళ్ళీ పెట్టండి. బాగున్న సిలిండర్ కనెక్టర్ తీస్తే ఇంజిన్ ఇంకా కుంటుతుంది. ఏది తీసినా తేడా రాలేదో అదే పని ఎగ్గొడుతున్న సిలిండర్. ఇంజిన్ ఆపి, దాని కాయిల్‌ని పక్కదానితో మార్చి చూడండి. జబ్బు కాయిల్‌తో పాటు పక్కకి వెళ్తే దోషి దొరికినట్టే.

స్కానర్ ఏం చెప్తుంది?

ఓబీడీ సాకెట్ ఉన్న బండికి చిన్న బ్లూటూత్ అడాప్టర్ పెట్టి ఫోన్లో కోడ్లు చదవొచ్చు. పీ0301 అంటే ఒకటో సిలిండర్ మిస్సింగ్. పీ0506 అంటే చుట్లు ఉండాల్సిన దానికంటే తక్కువ, పీ0507 అంటే ఎక్కువ. గమనించండి, ఇవన్నీ లక్షణాల పేర్లే. ఏ కోడూ "ఫలానా పార్టు మార్చు" అని చెప్పదు. సెన్సార్లు చెప్పిందే కంప్యూటర్ చెప్తుంది. అది సాక్షి మాత్రమే, తీర్పు మనదే. కోడ్ చెరిపేసి బండి బాగైందనుకోవడం ఇల్లు అలకగానే పండగ అనుకోవడమే.

పిన్ని కారు

విజయవాడలో మా పిన్ని రోజూ ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని స్కూలుకి వెళ్తుంది, తను అక్కడే టీచరు. ఆమె చిన్న కారు బెంజ్ సర్కిల్ దగ్గర ఆగిపోవడం మొదలైంది. ఒక షెడ్డులో చూసి థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాలన్నారు. సెలవులకి వెళ్ళినప్పుడు "ఒరేయ్, ఇరవై వేలు ఇచ్చే ముందు నువ్వొకసారి చూడరా" అంది.

ఇంటి ముందు స్టార్ట్ చేస్తే పావుగంటైనా చక్కగా నిలబడింది. కోడ్లు లేవు, మసి కూడా పెద్దగా లేదు. నేనడిగిన ప్రశ్న ఒకటే: "పిన్నీ, సరిగ్గా ఆగేముందు నువ్వేం చేస్తుంటావు?"

"ఏం చేస్తానురా, బ్రేకు తొక్కుతాను" అంది.

బ్రేకు తొక్కి పట్టుకోమన్నాను. ఇంజిన్ వణికింది, పెడల్ వెనకాల సుయ్యిమని చప్పుడు. బ్రేక్ బూస్టర్ గొట్టం నొక్కి మళ్ళీ తొక్కమంటే వణుకు లేదు. ఇంజిన్ ఆపి, పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయమన్నాను. బూస్టర్ బాగుంటే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగలేదు.

బూస్టర్‌లో డయాఫ్రమ్ చిరిగింది. బ్రేకు తొక్కినప్పుడల్లా ఆ చిరుగు గుండా గాలి మ్యానిఫోల్డ్‌లోకి పోతోంది. "అందుకేనా ఈమధ్య బ్రేకు గట్టిగా ఉంటోంది, నా కాలే నొప్పనుకున్నా" అంది పిన్ని. ఆ రోజు కారు ఇంట్లోంచి కదల్లేదు. మర్నాడు బూస్టర్ మార్పించాక సిగ్నల్ దగ్గర ఆగడం పోయింది, బ్రేకూ తేలికైంది.

ఇరవై వేలు మిగిలాయన్నది చిన్న సంగతి. థ్రాటిల్ బాడీ మార్చి ఉంటే బండి ఆగడం ఆగేది కాదు. అంతకంటే ముఖ్యం, పిల్లలున్న కారులో బ్రేకు లోపం అలాగే ఉండిపోయేది.

కాబట్టి మీ ఇంట్లో బండి ఐడ్లింగ్ చెడితే "ఏ పార్టు పోయింది?" అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. "ఎప్పుడు?" అని అడగండి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏసీ వేస్తేనా? లైట్లు వేస్తేనా? స్టీరింగ్ తిప్పితేనా? బ్రేకు తొక్కితేనా? జవాబులు ఒక కాగితం మీద రాసుకుని షెడ్డుకి వెళ్ళండి. మంచి మెకానిక్ ఆ కాగితం చూసి సంతోషిస్తాడు. చూడకుండానే పార్టు పేరు చెప్పేవాడైతే ఇంకో షెడ్డు చూసుకోండి.