కాలిబాటే పాఠశాల

అన్యదేశీయుల వేదన మనకెట్లు తెలియును? ఒక్కొక్కప్పుడు వీధియే గురువవుతుంది. 1984 జులైలో డబ్లిన్ నగరంలోని ఒక దుకాణంలో మేరీ మానింగ్ అనే యువతి, వర్ణవివక్ష రాజ్యమేలుతున్న దక్షిణాఫ్రికా నుండి వచ్చిన పండ్లను అమ్మడానికి నిరాకరించింది. అది కార్మిక సంఘం ఆదేశం. ఆ దేశపు దుఃస్థితిని గురించి ఆమెకు తెలిసినది స్వల్పం. యాజమాన్యం ఆమెను పనినుండి పక్కన పెట్టగా, సహోద్యోగులు సమ్మెకు దిగారు. దక్షిణాఫ్రికా ప్రవాసి నిమ్రోద్ సెజాకే వారితోపాటు కాలిబాటపై నిలిచి, తన ప్రజల యాతనను వివరించారు. అంతవరకు సంఘ నియమాన్ని పాటించినవారు ఆపై మనస్సాక్షిని అనుసరించారు. వారి పట్టుదలను గాయకులు పాటలుగా మలిచారు. 1987లో ఐర్లాండ్ ప్రభుత్వం దక్షిణాఫ్రికా పండ్లు, కూరగాయల దిగుమతిని నిషేధించింది.

ప్రశ్న: ఆజ్ఞాపాలనగా మొదలైన సమ్మె మనస్సాక్షి ప్రబోధంగా ఎట్లు మారిందో వివరించండి.