కట్లపాము నుండి న్యాయస్థానం వరకు

విద్యాలయపు కీర్తిని నిలిపేది దాని పట్టభద్రుల కృషి. కాశీ హిందూ విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర శాఖ ఇందుకు తార్కాణం. 1947లో జౌన్‌పూర్ జిల్లాలోని ఒక పల్లెలో, రైతు కుటుంబంలో జన్మించిన లాల్‌జీ సింగ్ ఈ శాఖలోనే చదివి, పాముల క్రోమోజోములపై పరిశోధించి 1971లో డాక్టరేటు పొందారు.

పాములలో మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యు ఉంటాయి. తదుపరి ఎడిన్‌బరోలో పనిచేస్తూ ఆయన, పసుపు నలుపు పట్టెలు గల కట్లపాము డి.ఎన్.ఎ. నుండి పదేపదే పునరావృతమయ్యే ఒక భాగాన్ని వేరుచేశారు. దానికి బి.కె.ఎం. అని పేరు. ఇటువంటి పునరావృత భాగాలు మానవునిలోనూ కలవు. వాటి పొడవు మనిషి మనిషికీ మారుతుంది.

ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ 1984లో డి.ఎన్.ఎ. ముద్రల పద్ధతిని కనుగొన్నారు. 1987లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో చేరిన సింగ్, తమ బి.కె.ఎం. ఆధారంగా మన దేశంలోనే అట్టి పద్ధతిని రూపొందించారు. డి.ఎన్.ఎ.ను ఎంజైములతో ఖండించి, విద్యుత్తు సహాయంతో ముక్కలను పొడవును బట్టి వేరుచేస్తే, అవి చారలుగా కనబడతాయి. బిడ్డలోని ప్రతి చారా సాధారణంగా తల్లిలోనో, తండ్రిలోనో ఉండాలి. కేరళలోని తలస్సేరి న్యాయస్థానంలో ఒక పితృత్వ వివాదాన్ని తేల్చినది ఈ సూత్రమే. బిడ్డకు తండ్రి ఎవరో చెప్పలేని సాక్ష్యాల స్థానంలో రక్తమే సాక్ష్యమిచ్చింది.

సింగ్ 2011లో తాము చదివిన విశ్వవిద్యాలయానికే ఉపకులపతి అయ్యారు, 2017లో కీర్తిశేషులయ్యారు.

పాము క్రోమోజోములు లెక్కించిన నాడు, ఆ పని ఒక తల్లికి న్యాయం చేకూర్చగలదని ఎవరూ ఊహించలేదు. కనుక విద్యార్థులారా, ప్రయోగశాలలో ఏ పరిశీలననూ అల్పమని తలంపకండి.