ఛాయాచిత్రమును పెంచుట, కత్తిరించుట

ఉపకార వేతనములు మొదలుకొని ఉద్యోగ పరీక్షల వరకు నేడు పెక్కు దరఖాస్తులను కంప్యూటరు ద్వారా పంపవలసి యున్నది. వాటికి జతపరచు ఛాయాచిత్రము గాని, పత్రము ప్రతి గాని స్పష్టముగా లేనిచో దరఖాస్తు తిరస్కరింపబడవచ్చును. సెల్‌ఫోన్ చేతనున్న ప్రతివారును చిత్రము తీయగలుగుచున్నారు. దానిని పెంచుట, కత్తిరించుట అను రెండు పనుల స్వభావమును గూడ తెలిసికొనుట అవసరము.

సెల్‌ఫోన్‌తో తీసిన చిత్రము చిన్న చిన్న రంగు చుక్కల సముదాయము. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అందురు. అడ్డముగా 4000, నిలువుగా 3000 చుక్కలున్న చిత్రమున మొత్తము 1 కోటి 20 లక్షల చుక్కలుండును. పది లక్షల పిక్సెళ్లు ఒక మెగాపిక్సెల్ గనుక అది 12 మెగాపిక్సెళ్ల చిత్రము. 1957లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రసెల్ కిర్ష్, ఆయన సహచరులు తొలిసారిగా ఒక ఫొటోను కంప్యూటరులోనికి ఎక్కించిరి. అది కిర్ష్ పసికుమారుని చిత్రము. ప్రక్కకు 176 చొప్పున అందున్న చుక్కలు 30,976 మాత్రమే. బిడ్డ మొగము పోల్చుకొనుటకు అవి చాలినవి గాని సన్నని వివరములకు చాలవు. చిత్రములోని వివరమునకు చుక్కలే హద్దు.

పెంచుట యనగా రెండు వేర్వేరు పనులు. తెరపై వ్రేళ్లతో చిత్రమును పెద్దదిగా చేసి చూచుట మొదటిది. దీనిని జూమ్ అందురు. ఇది భూతద్దము పట్టి చూచుట వంటిది. చిత్రమున మార్పేమియు రాదు. కంప్యూటరులో 100 శాతమనగా చిత్రములోని ఒక చుక్కకు తెరపై ఒక చుక్క. 200 శాతమనగా అడ్డమును నిలువును రెట్టింపగును గనుక, ఒక చుక్క నాలుగు చుక్కల చోటును ఆక్రమించును. రెండవ పని రీసైజ్, అనగా చిత్రములోని చుక్కల సంఖ్యనే మార్చుట. సంఖ్యను పెంచినప్పుడు కంప్యూటరు ఇరుగుపొరుగు చుక్కల రంగులను చూచి, నడుమ క్రొత్తవానిని ఊహించి నింపును. అందుచేతనే చిత్రము మసకబారును. కృత్రిమ మేధతో నడచు సాధనములు దానిని నున్నగా తీర్చగలవు. కాని అవి చేర్చు వివరము కల్పితమే. చెరగిన సర్వే నంబరును అట్లు తీర్చినచో అంకెయే మారవచ్చును.

క్రాప్ అనగా అంచులను కత్తిరించి కావలసిన భాగమును మాత్రము ఉంచుకొనుట. తల వెంట్రుకల విషయమున మనము వాడు 'క్రాపు' అను మాటయే ఇదియు. అయితే వెంట్రుకలు మరల పెరుగును. అసలు చిత్రము మీదనే కత్తిరించి భద్రపరచినచో పోయిన భాగము తిరిగి రాకపోవచ్చును. పైన చెప్పిన చిత్రమున అడ్డము సగము, నిలువు సగము ఉంచుకొన్నచో 2000, 1500 చుక్కలు మిగులును. అనగా 12 మెగాపిక్సెళ్లలో 3 మాత్రమే దక్కును.

ఒక ఉదాహరణము చూతము. మంచి అచ్చునకు అంగుళమునకు 300 చుక్కలు సాధారణ ప్రమాణము. 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 సెంటీమీటర్ల ఎత్తు గల ఫొటోకు అడ్డముగా సుమారు 413, నిలువుగా 531 చుక్కలు కావలెను. జాతరలో తీసిన గుంపు చిత్రము నుండి ఒకరి మొగమును కత్తిరించినచో 130, 170 చుక్కలే దొరికినవనుకొందము. దానిని కావలసిన కొలతకు పెంచినచో ఒక్కొక్క అసలు చుక్కకు బదులు సుమారు పది చుక్కలను నింపవలసి వచ్చును. పోలిక చెడుట సహజము. అట్టి యెడ దగ్గరగా నిలిచి క్రొత్త చిత్రము తీయించుకొనుటయే మేలు.

పంట నష్టమునకు సాక్ష్యముగా తీసిన చిత్రమును అసలే కత్తిరింపరాదు. గట్టు, హద్దురాయి, ప్రక్క చెట్టు సాధారణముగా చిత్రపు అంచులలోనే యుండును. అవి పోయినచో ఆ చేను ఏదో తెలుపు ఆనవాలు పోవును.

కావున అసలు చిత్రమును వేరుగా దాచి, దాని నకలు మీదనే కత్తిరింపు పని చేయవలెను. కొలతలు మార్చునపుడు అడ్డము, నిలువుల నిష్పత్తిని చెడనీయరాదు. చెడినచో మొగము సాగినట్లు కనబడును. వాట్సాప్‌లో మామూలుగా పంపిన చిత్రమున చుక్కలు తగ్గును గనుక దానిని డాక్యుమెంటుగా పంపుట మంచిది. పెంచినంత మాత్రమున లేని వివరము పుట్టదు. ఈ సంగతిని చదువుకొన్న యువతీయువకులు తమ గ్రామమందలి పెద్దలకు తెలియజెప్పుదురు గాక.