తాత దుకాణం కథ పిల్లలకు చెప్పండి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ఏ బజారుకు పోయినా, ఒక మనిషి జీవితమంతా కూర్చుని నడిపిన చిన్న దుకాణాలే ఎక్కువ. కిరాణం, బట్టల కొట్టు, ఎరువుల దుకాణం, చీరల షాపు. అట్లాంటి మనిషి పోయిన ఇంట్లో పెద్దవాళ్ల మీద దుఃఖంతో పాటే లెక్కలూ వచ్చి పడతాయి. ఎవరికి ఇవ్వాలి, ఎవరి దగ్గర నుంచి రావాలి, షట్టర్ కిరాయి ఎట్లా? పదకొండో దినం దాటకముందే ఇల్లంతా ఈ మాటలే. పిల్లల సంగతి తర్వాత చూద్దాంలే అనిపిస్తుంది. దయచేసి ఆ పని వాయిదా వేయకండి.

దుకాణం నడిపే మనిషి ఇంట్లోవాళ్లకే తక్కువ దొరుకుతాడు. పిల్లలు లేవకముందే షట్టర్ తీయడానికి వెళ్తాడు, వాళ్లు పండుకున్నాక గల్లా లెక్క చూసుకుని వస్తాడు. పండుగనాడు గిరాకీ ఎక్కువ కాబట్టి ఆ రోజూ ఇంట్లో ఉండడు. ఆయన ప్రేమలో ఎక్కువ భాగం పని రూపంలోనే ఖర్చయింది. అందుకే "దేవుడిలాంటి మనిషి" అని ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకు ఆయన అందడు. ఏం పని చేశాడో, ఎట్లా చేశాడో చెబితే అందుతాడు.

అన్నిటికంటే ముందు, పోయాడన్న సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. "ఊరికి పోయిండు", "పండుకున్నడు" అనకండి. ఐదారేళ్ల లోపు పిల్లలకు చావంటే తిరిగి రాకపోవడమని పూర్తిగా తెలియదు. ఊరికి పోయాడంటే ఎదురుచూస్తారు, పండుకున్నాడంటే నిద్రపోవడానికే భయపడవచ్చు. "తాత చనిపోయాడు, ఇక రాడు, మాకూ ఏడుపొస్తున్నది" అని మీ నోటితోనే చెప్పండి. అదే ప్రశ్న పదిసార్లు అడిగినా ఓపికగా అదే జవాబివ్వండి.

తర్వాత పని గురించి చెప్పండి. కిరాణా కొట్టయితే ఉద్దెర పుస్తకం తెరిచి చూపించండి. వానలకు ముందు సరుకు పట్టుకుపోయిన రైతు వేరుశనగ అమ్ముడుపోయాక బాకీ కడతాడు. వలస పోయిన కూలి తిరిగొచ్చాక కడతాడు. అంతదాకా నమ్మి ఆగడం, ఎవరికి ఎంతదాకా ఇవ్వవచ్చో తెలుసుకోవడం, తిరిగి రాని బాకీని దిగమింగుకోవడం, ఇదంతా ఆయనకు రోజూ ఉన్న పనే. గద్వాల చీరల వ్యాపారి ఇంట్లో అయితే ఒక చీర ముందు పరిచి చెప్పండి. నూలు ఒంటికి పట్టు అంచు, పట్టు కొంగు మగ్గం మీదే ఎట్లా కలుస్తాయో వేలితో తాకనివ్వండి. నేతగాళ్లకు నూలు, జరీ ఇచ్చి, చీర అమ్ముడుపోకముందే మజూరీ కట్టాల్సిన మనిషికి ఎంత గుండె ధైర్యం కావాలో పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది.

నష్టాలను దాచకండి. అమెరికాలో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లలను తమ కుటుంబం గురించి 20 ప్రశ్నలు అడిగారు. ఇంటి కథలు ఎక్కువ తెలిసిన పిల్లల్లో తమ మీద తమకు నమ్మకం ఎక్కువగా కనిపించింది. జవాబులు బట్టీ పట్టిస్తే అది రాదని, ఇంట్లో కలిసి కూర్చుని చెప్పుకోవడంలోనే బలముందని కూడా వాళ్లు చెప్పారు. లేచిన రోజులూ పడిన రోజులూ రెండూ ఉన్న కథే పిల్లలకు ఎక్కువ ధైర్యమిస్తుంది. మన దగ్గర అట్లాంటి రోజులకు కొదవ లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర వరదకు నేతగాళ్ల ఊరు రాజోలి మునిగి మగ్గాలు పోయాయి. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆ నెలల్లో మీ దుకాణం ఎట్లా నడిచిందో, ఎవరు ఆదుకున్నారో గుర్తు తెచ్చుకుని చెప్పండి.

ఆయన తప్పులు కూడా ఆ కథలో ఉండాలి. కోపిష్టి అయితే కోపిష్టే. బడిలో కార్యక్రమానికి రాలేదని మనవడు మనసులో పెట్టుకుని ఉంటే, ఆ బాధను "అట్లనకు, పాపం" అని మూసేయకండి. "అవును, రావాల్సింది. ఆ రోజు సరుకు దిగింది, నువ్వు ఎదురుచూసినవని ఆయనకూ తెలుసు" అనగలిగితే పిల్లవాడి కోపానికీ ప్రేమకూ చోటు దొరుకుతుంది. ఆయనకు నిజంగా తెలుసో లేదో మీకే తెలియకపోతే మాత్రం కల్పించకండి. పక్కన కూర్చుని వింటే చాలు.

ఇంకో మాట. "ఇకనుంచి ఇంటికి నువ్వే పెద్ద" అని పన్నెండేళ్ల పిల్లవాడితో అనకండి. దుకాణం నడపడమే తాత రుణం తీర్చుకోవడమని కూడా చెప్పకండి. చదువుకుని వేరే ఊరు పోయినా వాడు ఆ తాత మనవడే. ఆడపిల్లలను ఈ మాటలకు దూరం పెట్టకండి. తాత అన్నం తినడానికి ఇంటికొచ్చిన ప్రతి పూటా గల్లా దగ్గర కూర్చున్నది అవ్వ అయితే, ఆమె పేరు కూడా దుకాణం కథలో చేర్చండి.

పాత రసీదు పుస్తకం, తక్కెడ, బోర్డు పారేయకముందు పిల్లలను ఒక్కటి ఎంచుకోనివ్వండి. ఆ రసీదు మీద "మహబూబ్‌నగర్ జిల్లా" అని ఉంటే అదీ ఒక కథే, 2016 అక్టోబరు 11న కదా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ వేర్వేరు జిల్లాలైనవి! పాత గిరాకీ మనుషులు పలకరించడానికి వస్తే, ఆయన గురించి ఒక సంగతి చెప్పమని అడిగి ఫోన్‌లో రికార్డు చేయించండి. పెత్రమాస నాడు బియ్యం ఇచ్చేటప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మకు వాళ్లను నవ్వుతూ పోనివ్వండి. ఏడ్చినవాళ్లే ఆడుకుంటారు కూడా, అందులో తప్పేమీ లేదు.

మీ ఇంట్లో తాత ఇంకా కొట్టు మీద కూర్చునే ఉంటే, ఈ పనులన్నీ మీకు చాలా తేలిక. సెలవురోజు పిల్లలను ఒక గంట ఆయన పక్కన కూర్చోబెట్టండి. మొదటి రోజు బోణీ ఎంతైందో ఆయన్నే అడగమనండి. ఆయన నోటివెంట విన్న కథకు, ఆ తర్వాత మీరెంత బాగా చెప్పినా సరితూగదు.