మన ఇంటి కూలరు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అంటారు పెద్దలు. ఎండలు ముదిరితే రాత్రిపూట కూడా గోడలు సెగలు కక్కుతాయి. రేకుల ఇల్లు అయితే ఇక చెప్పనే అక్కర లేదు. అందుకే ఇప్పుడు చాలా ఇళ్లలో కూలరు కనిపిస్తోంది. కూలి డబ్బులు కూడబెట్టి కొన్నవాళ్లు ఉన్నారు. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని కొన్నవాళ్లూ ఉన్నారు.

కొన్న మొదటి ఏడు కూలరు చల్లగా ఉంటుంది. రెండో ఏడు అంత చల్లగా ఉండదు. మూడో ఏడు "ఇది పాడైపోయింది" అంటాం. నిజానికి చాలాసార్లు కూలరు పాడు కాదు. మనం దాన్ని చూసుకోం. అంతే.

ఎద్దుకు మేత వేస్తాం, కడుగుతాం. సైకిలుకు నూనె వేస్తాం. మరి కూలరుకు ఏం చేయాలి? ఈ పాఠంలో చదువుదాం.

కూలరు ఎలా చల్లబరుస్తుంది?

మట్టి కుండలో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయి? కుండకు కంటికి కనపడని సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిలో నుంచి నీరు కొద్దికొద్దిగా బయటికి ఊరుతుంది. ఊరిన నీరు ఆవిరి అవుతుంది. ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని కుండ నుంచి, నీళ్ల నుంచి తీసుకుంటుంది. అందుకే నీళ్లు చల్లబడతాయి.

లీటరు నీటిని మరిగే దాకా కాచడానికి కొంత వేడి కావాలి కదా. అదే లీటరు నీరు పూర్తిగా ఆవిరి కావాలంటే దానికి ఏడు రెట్లకు పైగా వేడి కావాలి. కూలరులోనూ ఇదే జరుగుతుంది. చిన్న పంపు తొట్టిలోని నీటిని పైకి ఎక్కిస్తుంది. నీరు గడ్డి మీద కారుతుంది. ఫ్యాను బయటి వేడి గాలిని తడి గడ్డిలో నుంచి లాగుతుంది. నీరు ఆవిరి అవుతూ గాలిలోని వేడిని తీసుకుంటుంది. చల్లబడిన గాలి గదిలోకి వస్తుంది.

పాత కుండలో నీళ్లు చల్లబడవు. ఎందుకు? రంధ్రాలు ఉప్పుతో మూసుకుపోతాయి. కూలరు గడ్డి కూడా అంతే. బోరు నీళ్లలో ఉప్పు ఉంటుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు గడ్డికి పట్టుకుంటుంది. గడ్డి తెల్లగా, గట్టిగా అవుతుంది. దుమ్ము కూడా చేరుతుంది. ఇక గాలి లోపలికి రాదు. గాలి చల్లబడదు. కానీ మోటారు తిరుగుతూనే ఉంటుంది. మీటరు నడుస్తూనే ఉంటుంది.

అత్తాకోడళ్ల మాటలు

అత్త: ఏమ్మా, కూలరు వేస్తే ఒళ్లంతా జిగటగా ఉంటోంది. ఉక్క పోస్తోంది. చల్లదనమే లేదు.

కోడలు: తలుపులు, కిటికీలు అన్నీ మూశారు కదా అత్తయ్యా. అందుకే.

అత్త: మూయకపోతే చల్లగాలి బయటికి పోదూ?

కోడలు: పోవాలి అత్తయ్యా. కూలరు గాలిలో తేమ ఉంటుంది. ఆ గాలి బయటికి పోకపోతే గదిలో తేమ నిండుతుంది. చెమట ఆరదు. తేమ గాలిలో నీరు ఆవిరి కూడా కాదు. కూలరు కిటికీ దగ్గర పెట్టాలి. బయటి గాలి దానికి అందాలి. ఎదురుగా ఉన్న కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి.

అత్త: మరి విశాఖపట్నంలో మా చెల్లెలు కూలరు పనికిరాదు అంటుందే?

కోడలు: అక్కడ సముద్రం ఉంది. గాలిలో ముందే తేమ ఎక్కువ. మచిలీపట్నంలోనూ అంతే. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల ఎండాకాలం పొడి గాలి ఉంటుంది. అక్కడ కూలరు బాగా పనిచేస్తుంది.

అత్త: వాన పడినప్పుడు?

కోడలు: అప్పుడు పంపు ఆపేసి ఫ్యాను ఒక్కటే వేసుకోవాలి.

ఏసీ ఉన్న ఇంట్లో దీనికి ఎదురు పద్ధతి. అక్కడ తలుపులు మూసి ఉంచాలి. దాని జాలీని రెండు వారాలకు ఒకసారి కడిగి ఆరబెట్టాలి. 24 దగ్గర గానీ 26 దగ్గర గానీ పెట్టుకుంటే కరెంటు తక్కువ కాలుతుంది.

ఏ పని ఎప్పుడు చేయాలి?

ఎండాకాలం మొదట్లో:
1. గడ్డి మార్చాలి. గడ్డి అంతటా సమంగా పరవాలి. సందు ఉంటే వేడి గాలి అందులో నుంచే వస్తుంది.
2. నీళ్లు కారే గొట్టాల రంధ్రాలను సన్న పుల్లతో పొడిచి శుభ్రం చేయాలి. ఒక్క రంధ్రం మూసుకున్నా దాని కింద గడ్డి ఎండిపోతుంది.
3. ఫ్యాను రెక్కల దుమ్ము తుడవాలి.
4. వైరు తెగిందేమో చూడాలి. ఎలక్ట్రీషియన్ చేత ఎర్తు పరీక్ష చేయించాలి.

వారానికి ఒకసారి:
1. తొట్టిలో నీళ్లన్నీ తీసేయాలి.
2. తొట్టి గోడలను బ్రష్షుతో రుద్ది కడగాలి.
3. పంపు జాలీకి పట్టిన చెత్త తీయాలి.

రోజూ:
తొట్టిలో నీళ్లు ఉన్నాయో లేదో చూడాలి. నీళ్లు లేకుండా పంపు నడిస్తే కాలిపోతుంది.

ఎండాకాలం అయిపోయాక:
తొట్టి కడిగి, తుడిచి, బాగా ఆరబెట్టాలి. రేకు కూలరు అయితే తుప్పు పట్టిన చోట రంగు వేయించాలి. గుడ్డ కప్పి పొడి చోట పెట్టాలి.

కూలరులో దోమ

డెంగీ జ్వరం తెచ్చే దోమ మురికి కాలువలో పెరగదు. ఇంట్లో నిలిచిన నీళ్లలో పెరుగుతుంది. కూలరు తొట్టి దానికి మంచి చోటు. ఈ దోమ ఎక్కువగా పగటిపూట కుడుతుంది.

గుడ్డు నుంచి దోమ కావడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒకసారి నీళ్లు తీసేయాలి. నీళ్లు తీస్తే చాలదు. గుడ్లు తొట్టి గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు పోయగానే పొదుగుతాయి. అందుకే గోడలను రుద్ది కడగాలి. తీసిన నీళ్లను పొడి నేల మీద పారబోయండి. నేలలో నీరు ఇంకుతుంది. దోమ పిల్లలు చచ్చిపోతాయి.

ప్రాణం జాగ్రత్త

కూలరులో నీళ్లు ఉన్నాయి. కరెంటు కూడా ఉంది. రెండూ కలిస్తే ప్రాణం పోతుంది. రేకు కూలరుకు కరెంటు పాకితే ముట్టుకున్నవాళ్లకు షాక్ కొడుతుంది. చిన్నపిల్లలు ఆడుకుంటూ ముట్టుకుంటారు. ప్రతి ఎండాకాలం ఇలాంటి వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి. ఈ మాటలు రెండుసార్లు చదవండి. ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

నీళ్లు పోసే ముందు స్విచ్ ఆపండి. ప్లగ్గు కూడా తీయండి. స్విచ్ ఒక్కటే నమ్మవద్దు.

తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోవద్దు. చెప్పులు వేసుకోండి. కూలరు చుట్టూ నేల తడిగా ఉంచవద్దు.

మూడు పుల్లల ప్లగ్గే వాడండి. లావు పుల్ల ఎర్తుది. దాన్ని విరగ్గొట్టి రెండు పుల్లల ప్లగ్గులా వాడవద్దు. వైర్లు నేరుగా బోర్డులో గుచ్చవద్దు. కరెంటు రేకుకు పాకినప్పుడు ఎర్తు వైరే దాన్ని భూమిలోకి పంపుతుంది.

ముట్టుకుంటే చురుక్కుమంటే "కొంచెమే కదా" అని ఊరుకోవద్దు. వెంటనే ప్లగ్గు తీసేసి బాగు చేయించండి.

ఎవరికైనా షాక్ కొడితే వాళ్లను చేత్తో పట్టుకోవద్దు. మెయిన్ ఆపండి. ఆపడం కుదరకపోతే ఎండిన కర్రతో వాళ్లను పక్కకు తోయండి. 108కి ఫోన్ చేయండి.

లెక్క చేద్దాం

వెయ్యి వాట్ల సామాను గంటసేపు నడిస్తే ఒక యూనిట్ కాలుతుంది. ఎన్ని వాట్లు అన్నది కూలరు మీద అంటించిన కాగితంలో ఉంటుంది. మన కూలరు 200 వాట్లది అనుకుందాం. అది 5 గంటలు నడిస్తే ఒక యూనిట్.

గడ్డి బాగుంటే గది త్వరగా చల్లబడుతుంది. రోజుకు 10 గంటలు చాలు అనుకుందాం. అంటే 2 యూనిట్లు. 30 రోజులకు 60 యూనిట్లు.

గడ్డి మూసుకుపోతే చల్లదనం చాలదు. మధ్యాహ్నం నుంచే వేస్తాం. రోజుకు 15 గంటలు అనుకుందాం. అంటే 3 యూనిట్లు. 30 రోజులకు 90 యూనిట్లు.

నెలకు 30 యూనిట్లు తేడా. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు కూడా పెరుగుతుంది. కాబట్టి ఆ 30 యూనిట్లు మనకు ఎక్కువ రేటుకు పడవచ్చు.

జవాబులు చెప్పండి

1. పాత కుండలో నీళ్లు ఎందుకు చల్లబడవు?
2. కూలరు వేసినప్పుడు ఎదురు కిటికీ ఎందుకు తెరవాలి?
3. తొట్టి గోడలను ఎందుకు రుద్దాలి?
4. ప్లగ్గులో లావు పుల్ల ఏం పని చేస్తుంది?

చేసి చూడండి

మీ కూలరు మీద ఎన్ని వాట్లు అని రాసి ఉందో చదవండి. నెలకు ఎన్ని యూనిట్లు అవుతాయో మీరే లెక్క కట్టండి. నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఈసారి బిల్లు వచ్చినప్పుడు వేరేవాళ్ల చేత చదివించుకోకండి. మీరే చదివి సరిచూసుకోండి.